అడ్డాకు విస్తరిలో అడవి

ఖమ్మం, కొత్తగూడెం దాటి భద్రాచలం చేరి, అక్కడి నుంచి శబరి ఒడ్డు మీదుగా మారేడుమిల్లి ఘాట్ దాకా సాగే దారి ఇది. బొంగు చికెన్, వెదురు కొమ్ముల కూర, ఇప్పపువ్వు లడ్డూ, జీలుగు కల్లు, గోదావరి చేపల పులుసు... ఏది ఎక్కడ తినాలి? ఏ నెలలో తినాలి? వండిన వాళ్లకు న్యాయం జరిగేలా ఎలా తినాలి? ఈ వారం ముఖచిత్ర కథనం.

హైదరాబాద్‌లో మంచి థాయ్ భోజనం ఎక్కడ దొరుకుతుందని అడిగితే నలుగురిలో ఇద్దరైనా ఠక్కున పేర్లు చెప్పేస్తారు. పుల్లగా, కారంగా ఉండే టామ్ యమ్ సూప్, కొబ్బరిపాలతో చేసిన పచ్చ కూర, రోట్లో దంచిన పచ్చి బొప్పాయి సలాడ్ మనకు కొత్త కాదిప్పుడు. కూరలో వెదురు కొమ్ముల ముక్కలు తగిలితే ఇష్టంగా తింటున్నాం. కానీ అవే వెదురు కొమ్ములను తొలకరి తర్వాత భద్రాచలం చుట్టుపక్కల కోయ గూడేల్లో తరతరాలుగా వండుకుంటున్నారు. వెదురు బొంగులో అన్నం వండే పద్ధతి థాయ్‌లాండ్‌లో ఉంటే, అదే బొంగులో కోడిమాంసం వండే పద్ధతి మన ఏజెన్సీలో ఉంది. చెట్ల ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమల గుడ్లను థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతంలో వంటల్లో వేస్తారు. అదే జాతి చీమలతో మన సరిహద్దుకు ఆనుకుని ఉన్న బస్తర్‌లో పచ్చడి నూరతారు.

బ్యాంకాక్ వంట గురించి తెలిసినంత మనకు మన భద్రాచలం అడవి వంట గురించి తెలియదు. పరాయి రుచి మీద మోజే దీనికి కారణం అనుకోను. ఆ వంటను ఓపిగ్గా పరిచయం చేసినవాళ్లు ఉన్నారు. ఈ వంటను పరిచయం చేసినవాళ్లు తక్కువ. ఒక నగరంలో తినదగిన హోటళ్ల జాబితా ఎంత శ్రద్ధగా తయారు చేస్తామో, అంత శ్రద్ధ ఈ అడవి దారికీ దక్కాలి. ఇక్కడ మేలైన వంట చాలావరకు బోర్డు పెట్టుకున్న హోటళ్లలో ఉండదు. రోడ్డు పక్క పొయ్యిల దగ్గర, సంతల్లో, పడవ రేవుల్లో, మహిళా సంఘాల దుకాణాల్లో ఉంటుంది.

నాలుగు రాష్ట్రాల వంటిల్లు

ముందు ఈ ప్రాంతం పటం ఒకసారి చూడాలి. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఉండే భద్రాచలం 2016 అక్టోబరు 11 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. అంతకు రెండేళ్ల ముందు, 2014లో, పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం ఊరు మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. అందుకే ఊరు దాటి ఎటపాక చేరేసరికి రాష్ట్రం మారిపోతుంది. ఇంకాస్త ముందుకు వెళితే చింతూరు. అక్కడి నుంచి ఒక దారి ఛత్తీస్‌గఢ్‌లోని కుంటకు, ఇంకో దారి ఘాట్ ఎక్కి మారేడుమిల్లికి పోతాయి. శబరి, సీలేరు కలిసే చోట ఒడిశాలోని మోటు ఉంది.

సరిహద్దు గీతలు ఎన్ని మారినా వంట మారలేదు. కోయలు, కొండరెడ్లు, 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ హింస నుంచి తప్పించుకుని ఇటు వచ్చిన గుత్తికోయలు, నది ఒడ్డున వల వేసే మత్స్యకారులు, గుడి చుట్టూ స్థిరపడిన మైదాన ప్రాంతాల వాళ్లు, అందరి పొయ్యిలూ ఈ వంద కిలోమీటర్ల లోపే ఉన్నాయి. ఇంత చిన్న మేరలో ఇన్ని రకాల వంటలు తెలుగు నేల మీద వేరే చోట దొరకడం కష్టం.

మొదటి మజిలీ: భద్రాచలం

భద్రాచలం వచ్చినవాళ్లకు మొదటి ముద్ద రామయ్య ప్రసాదం. పులిహోర, లడ్డూ ఏడాది పొడవునా ఉంటాయి. శ్రీరామనవమి నాడు వడపప్పు, పానకం. చైత్రమాసపు ఎండలో నానబెట్టిన పెసరపప్పు, మిరియాలు తగిలిన బెల్లం నీళ్లు ఎంత అవసరమో కల్యాణం చూడ్డానికి నిలబడ్డవాళ్లను అడిగితే చెబుతారు. పదిహేడో శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న గుడి కట్టించిన నాటి నుంచి ఈ ఊరు యాత్రికుల ఊరు. గుడి దగ్గరి హోటళ్లలో ఇడ్లీ, పెసరట్టు, శాకాహార భోజనం కడుపు నింపుతాయి. అవి తిని వెనుదిరిగితే మాత్రం అడవిని చూడకుండానే వెళ్లిపోయినట్టు.

ఇక్కడ వెతకాల్సినవి రెండున్నాయి. మొదటిది ఇప్పపువ్వు లడ్డూ. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పచెట్టు రాత్రంతా పువ్వు రాలుస్తుంది. తెల్లవారుజామునే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో వెళ్లి ఏరుకొస్తారు. ఎండబెడితే కిస్మిస్‌లా ముడుచుకుని తియ్యగా అవుతుంది. సారా కాయడానికే పనికొస్తుందని బయటివాళ్లు అనుకునే ఈ పువ్వు గిరిజనుల ఇళ్లలో తిండి. దాన్ని వేయించి, నువ్వులు, పల్లీలు, బెల్లం కలిపి దంచి లడ్డూ చుడతారు. మొదట తీపి తగులుతుంది, వెనకే కాస్త ఘాటైన పూల వాసన వస్తుంది. కొత్తవాళ్లకు మొదటి లడ్డూ వింతగా ఉంటుంది. రెండోదానికి అలవాటైపోతుంది.

రెండోది చిరుధాన్యాల బిస్కట్లు. ఒకప్పుడు పొలం కూలికి వెళ్లిన భద్రాచలం మహిళలు 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో వీటిని తయారు చేస్తున్నారు. 2025 జూన్‌లో ప్రధాని 'మన్ కీ బాత్'లో వీళ్ల గురించి చెప్పారు. ఆ బిస్కట్లు లండన్ దాకా వెళ్లాయి. లండన్ చేరిన సరుకు హైదరాబాద్‌లో ప్రతి కిరాణా కొట్టుకూ చేరాలి కదా! సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాంగణంలోని గిరిజన మ్యూజియం కూడా చూసి రండి. కోయ ఇల్లు, పొయ్యి, సొరకాయ బుర్ర చూశాక ఆ వంట తింటే రుచి వెనకున్న జీవితం కొంతైనా అర్థమవుతుంది.

బొంగు చికెన్: పొయ్యి దగ్గర కూర్చునే ఓపిక ఉండాలి

భద్రాచలం నుంచి మారేడుమిల్లి దాదాపు 90 కిలోమీటర్లు. ఈ దారికి పేరు తెచ్చిన వంట బొంగు చికెన్. పాపికొండలకు పడవలు బయలుదేరే పోచవరం వైపు, నదిలో కొల్లూరు వెదురు గుడిసెల దగ్గర, మారేడుమిల్లి రోడ్డు పక్కన బొంగులు కాలుతున్న పొగ దూరం నుంచే కనబడుతుంది.

వంట చూడ్డానికి తేలిక. పచ్చి వెదురును కణుపు దగ్గర కోస్తారు. ఒక వైపు కణుపు మూసి ఉంటుంది, రెండో వైపు తెరిచి ఉంటుంది. ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించిన కోడి ముక్కలను అందులో కూరతారు. మూతిని ఆకులతో బిగిస్తారు. నూనె లేదు, నీళ్లు పొయ్యరు. మంట మీద పెట్టి తిప్పుతూ ఉంటారు. పచ్చి బొంగులో ఉన్న తడి, మాంసంలో ఊరిన రసం కలిసి లోపల ఆవిరి పుడుతుంది. ముక్క ఆ ఆవిరికే ఉడుకుతుంది. ఎండిన వెదురు పెడితే కూర ఉడక్కముందే బొంగు అంటుకుంటుంది కాబట్టి పచ్చిదే కావాలి. పైతోలు పచ్చ రంగు పోయి నల్లబడి, మూతి దగ్గర ఆవిరి తన్నుకొచ్చినప్పుడు దించుతారు. ఆకులో బోర్లిస్తే కోడి వాసనతో పాటు కాలిన పచ్చి వెదురు వాసన ముక్కుకు తగులుతుంది. ఈ వంటకు ప్రాణం ఆ వాసనే.

గిన్నె, గరిటె లేకుండా అడవిలో వండుకునే అవసరం నుంచి పుట్టిన వంట ఇది. చుట్టూ దొరికే బొంగే గిన్నె, ఆకే మూత, ఆకే కంచం. అవసరం నేర్పిన ఈ నేర్పుకు పెద్ద హోటళ్ల వంటవాళ్లు కూడా తలవంచాలి.

తినేవాళ్లు మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి. ముందే వండి పెట్టిన కూరను బొంగులో పోసి వేడి చేసి ఇస్తే అది బొంగు చికెన్ కాదు. పచ్చిముక్కలు కూరడం కళ్లతో చూసి, అప్పుడు చెప్పండి. నాటుకోడి అయితే రుచి ఎక్కువ, కానీ ఉడకడానికీ ఎక్కువసేపు పడుతుంది. బ్రాయిలర్ త్వరగా ఉడికి, నీళ్లు ఎక్కువ వదులుతుంది. "ఇంకెంతసేపమ్మా?" అని తొందర పెట్టకండి. ముప్పావు గంట పట్టే వంటను ఇరవై నిమిషాల్లో దింపమంటే నష్టం మనకే. ఆ ముప్పావు గంట పొయ్యి పక్కన కూర్చోవడం కూడా భోజనంలో భాగమే.

వెదురులో వంట ఆగ్నేయాసియా అంతటా ఉంది. జిగురు బియ్యం, కొబ్బరిపాలు, నల్ల చిక్కుళ్లు బొంగులో నింపి కాల్చే 'ఖావ్ లామ్' థాయ్‌లాండ్‌లో బస్‌స్టాండుల్లో, సంతల్లో దొరికే చిరుతిండి. మలేషియాలో పండుగ పూట 'లెమాంగ్' చేస్తారు. వియత్నాం కొండల్లో 'కమ్ లామ్' ఉంది. వెదురు పెరిగే చోటల్లా మనిషి దాన్ని గిన్నెగా వాడుకున్నాడు. ఆ పెద్ద కుటుంబంలో మారేడుమిల్లి బొంగుకూ సమానమైన చోటుంది.

శబరి ఒడ్డున చేప, సంతలో అడవి

చింతూరు దారిలో కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. కలిసే చోట నీటి రంగుల తేడా ఒడ్డు నుంచే కనబడుతుంది. నది ఒడ్డు ఊళ్లలో పొద్దున పట్టిన చేప మధ్యాహ్నానికి పులుసవుతుంది. బొచ్చె, వాలుగ, జెల్ల ఏది దొరికితే అది. మట్టి దాకలో చింతపండు పులుసు, ఆవిరి పట్టిన అన్నం. "ఈ రోజు ఏం పడింది?" అని అడిగి తినాలి తప్ప, ఫలానా చేపే కావాలని పట్టుబట్టకూడదు. నది ఇచ్చిందే మెనూ.

అడవి తిండిని ఒకే చోట చూడాలంటే వారపు సంతకు వెళ్లాలి. సంతరోజు ఊరూరికీ మారుతుంది, భద్రాచలంలోనే కనుక్కుని బయలుదేరండి. గుట్టల మీద నుంచి నెత్తిన గంపలతో దిగిన ఆడవాళ్లు నేల మీద చిన్న చిన్న కుప్పలు పోస్తారు. చింతపండు, ఎండు ఇప్పపువ్వు, తునికిపండ్లు, మొర్రిపండ్లు, అడవి దుంపలు, ఎండుచేపలు, సామలు, కొర్రలు, వర్షాకాలమైతే పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు. మనం పాయసంలో వేసుకునే సారపప్పు ఈ మొర్రి గింజ లోపలిదే. పట్నంలో తులాల్లెక్కన కొనే ఆ పప్పు కోసం ఎండలో ఎన్ని గింజలు పగలగొట్టాలో ఇక్కడ చూస్తే తెలుస్తుంది.

వెదురు కొమ్ములు కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. పచ్చి కొమ్ముల్లో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. సన్నగా తరిగి, నానబెట్టి, ఉడికించి ఆ నీళ్లు పారబోశాకే కూర వండాలి. కొన్ని ఇళ్లలో పులియబెడతారు. పుల్లటి వాసన వచ్చే ఆ కూరను జొన్న సంకటితో తింటారు. ప్రయోగశాల చెప్పకముందే గూడెం వాళ్లకు ఈ విరుగుడు తెలుసు. థాయ్ ఇళ్లలోనూ కొమ్ములను ఇలాగే ఉడికించి నీళ్లు వంపేస్తారు.

ఎర్ర చీమల పచ్చడి సరిహద్దు దాటితే, కుంట వైపు సంతల్లో ఎక్కువ. ఆకు దొన్నెల్లో చీమలు, గుడ్లు అమ్ముతారు. ఉప్పు, మిరప, అల్లంతో నూరిన ఆ పచ్చడి నిమ్మకాయకన్నా పుల్లగా ఉంటుంది. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఎర్ర చీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీమల పచ్చడి అని ముఖం చిట్లించే ముందు, తేనె కూడా కీటకం ఇచ్చిందేనని గుర్తు చేసుకుందాం.

జీలుగు చెట్టు, మామిడి టెంక

కొండరెడ్ల తిండి గురించి చెప్పకుండా ఈ దారి పూర్తికాదు. నిజాం కాలంలో ఇక్కడికి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ పాపికొండల కొండరెడ్ల మీద 1945లో ఒక పుస్తకమే ప్రచురించాడు. జీలుగు కల్లు వాళ్లకు మత్తు పానీయం మాత్రమే కాదని, తిండిగింజలు నిండుకున్న నెలల్లో ఆకలి తీర్చే ఆహారమని గమనించాడు. పొద్దున్నే దించిన తాజా జీలుగు కల్లు తియ్యగా, చల్లగా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. రుచి చూడాలనుకుంటే పొద్దున్నే చూడండి, తాగాక బండి నడపకండి.

గడ్డు రోజుల్లో జీలుగు మాను లోపలి గుజ్జును పిండి చేసి జావ కాచుకునేవాళ్లు. మామిడి టెంకలోని జీడిని ఎండబెట్టి, దంచి, ప్రవహించే నీళ్లలో వగరు పోయేదాకా ఉంచి, అంబలి చేసుకునేవాళ్లు. వీటిని వింత వంటకాలుగా చూడటం అన్యాయం. పంట చేతికి రాని ఏడాది పిల్లలను బతికించిన జ్ఞానం ఇది. ఏ చెట్టు ఏ నెలలో ఏమిస్తుందో, దేనిలో విషం ఉందో, దాన్ని ఎలా తీయాలో తల్లి కూతురికి నేర్పుతూ వచ్చింది.

ఆ జ్ఞానంలో ఒక కట్టుబాటు కూడా ఉంది. కోయలు కొత్త పంట, కొత్త కాయ ముందుగా దేవతకు సమర్పించి 'పండుం' జరుపుకున్నాకే తింటారు. మామిడికి పండుగ, చిక్కుడుకు పండుగ, కొత్త ధాన్యానికి పండుగ. పండుగ కాకముందు ముట్టకూడదు కాబట్టి పిందెలు చెట్టు మీదే ముదురుతాయి, విత్తనం నిలుస్తుంది. సీజన్ ప్రకారం తినాలని ఇప్పుడు నగరాల్లో చెబుతున్న మాటను వీళ్లు పండుగ చేసి కాపాడుకున్నారు.

ఈసాన్ నేర్పే పాఠం

ఇక్కడ మళ్లీ థాయ్‌లాండ్ గురించి మాట్లాడాలి. ఆ దేశపు ఈశాన్య ప్రాంతం పేరు ఈసాన్. ఎండలెక్కువ, పేదరికం ఎక్కువ. పొట్టకూటి కోసం అక్కడి జనం బ్యాంకాక్ వచ్చి భవనాల పనుల్లో కూలీలుగా, టాక్సీ డ్రైవర్లుగా బతికారు. వాళ్లు రోట్లో దంచుకునే బొప్పాయి సలాడ్, జిగురు అన్నం, కాల్చిన కోడి చాలాకాలం కూలీల తిండిగానే చలామణీ అయ్యాయి. ఇవాళ ఏ దేశంలో థాయ్ హోటల్‌కు వెళ్లినా మెనూలో ఆ బొప్పాయి సలాడ్, 'సోమ్ తమ్', ఉంటుంది. థాయ్ ప్రభుత్వం 2002లో 'గ్లోబల్ థాయ్' పేరుతో ప్రపంచమంతటా థాయ్ హోటళ్లను పెంచే పథకం పెట్టింది. వంటను దేశ సంపదగా లెక్కగట్టింది. హైదరాబాద్‌లో మనం తినే థాయ్ భోజనం వెనక ఆ ముందుచూపు ఉంది.

మనం అడగాల్సిన ప్రశ్న ఇదే. ఈసాన్ కూలీల తిండికి దక్కిన గౌరవం కోయ గూడెం తిండికి ఎందుకు దక్కకూడదు? బొంగు చికెన్‌కు పేరైతే వచ్చింది. విశాఖ, విజయవాడ, హైదరాబాద్ హోటళ్ల మెనూల్లోకి ఎక్కింది. కానీ ఆ మెనూ వల్ల వచ్చే లాభంలో బొంగు కొట్టిన మనిషి వాటా ఎంత? పేరు మాత్రమే పట్నం పోయి, వండిన చెయ్యి రోడ్డు పక్కనే మిగిలిపోతే దాన్ని గౌరవం అనలేం.

వనరు మీద హక్కు ఉన్నప్పుడే వంట మీద హక్కు నిలబడుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, దాన్ని సేకరించి అమ్ముకునే హక్కు గిరిజనులకు ఇచ్చింది. బొంగు కొట్టుకునే హక్కు, ఇప్పపువ్వు ఏరుకునే హక్కు, వాటికి గిట్టుబాటు ధర ఉంటేనే ఈ పొయ్యిలు వెలుగుతాయి.

ఈ పొయ్యిలకు అన్నిటికన్నా పెద్ద ముప్పు నీటిది. కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లోని ఊళ్లు పోలవరం ముంపులో ఉన్నాయి. ప్రాజెక్టు వల్ల ఇళ్లు వదలాల్సిన కుటుంబాలు లక్షకు పైగా ఉన్నాయి. పునరావాస కాలనీలో ఇల్లు ఇవ్వొచ్చు, పొలం ఇవ్వొచ్చు. ఇప్పచెట్టును, జీలుగు వనాన్ని, వెదురు పొదను, రేవును పరిహారం జాబితాలో ఎవరు రాస్తారు? ఈ వంటలను నమోదు చేయడం, వండే ఆడవాళ్లను కూర్చోబెట్టి వాళ్లు చెప్పింది రాసుకోవడం, పునరావాస కాలనీల్లో ఈ చెట్లు నాటించడం రెండు రాష్ట్రాల గిరిజన సంక్షేమ శాఖలు ఆలస్యం చేయకూడని పనులు. భద్రాచలం గుడికి వచ్చే యాత్రికులకు కనబడేలా గిరిజన మహిళలే నడిపే భోజనశాలలు, మారేడుమిల్లి దారిలో నీళ్లు, నీడ, శుభ్రమైన మరుగుదొడ్లు ఉన్న వంట గుడిసెలు ఏర్పాటు చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఏ నెలలో ఏం తినాలి?

మార్చి, ఏప్రిల్: పచ్చి ఇప్పపువ్వు, శ్రీరామనవమి పానకం, వడపప్పు.

ఏప్రిల్, మే: తాటి ముంజలు, తునికిపండ్లు, మొర్రిపండ్లు, చింతచిగురు. ఎండ మాత్రం చాలా తీవ్రంగా ఉంటుంది.

జులై నుంచి సెప్టెంబరు: వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు. తెలియని పుట్టగొడుగు సొంతంగా కోసుకుని తినొద్దు. గోదావరికి వరద కాలం ఇదే. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో నది 71 అడుగులు దాటింది. నీటిమట్టం తెలుసుకోకుండా బయలుదేరకండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి: కొత్త చిరుధాన్యాలు, చిక్కుళ్లు, తేగలు, బొంగు చికెన్. ప్రయాణానికి మేలైన కాలం.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు

హైదరాబాద్ నుంచి భద్రాచలం 300 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. రైలులో వస్తే కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో వెళ్లాలి. మారేడుమిల్లి ఘాట్ పగటి పూటే దాటండి.

అడవి మాంసం అడగకండి. అడవి పంది, దుప్పి, కుందేలు దేన్ని వేటాడినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అడిగేవాడు ఉన్నంతకాలం వేటాడేవాడు ఉంటాడు.

గూడేల్లోకి చెప్పకుండా వెళ్లి ఫొటోలు తీయకండి. వాళ్ల ఇల్లు మన ఇల్లు లాంటిదే. పెద్దల అనుమతి తీసుకోండి, పండుగ జరుగుతుంటే దూరం నుంచి చూడండి. ప్లాస్టిక్ కంచాలు, గ్లాసులు తీసుకెళ్లకండి. అడ్డాకు విస్తరి అక్కడే దొరుకుతుంది, దాన్ని కుట్టిన వాళ్లకు నాలుగు రూపాయలు వస్తాయి.

బేరం ఆడకండి. నగరంలో థాయ్ కూర గిన్నెకు అడిగినంత ఇచ్చి వచ్చే మనం, ముప్పావు గంట పొగలో కూర్చుని బొంగు తిప్పిన అక్క దగ్గర పది రూపాయలు తగ్గించమనడం భావ్యం కాదు. ఆమె చెప్పిన ధర ఇవ్వండి. వంట బాగుంటే ఆ ఊరి పేరు, ఆ వంట పేరు పదిమందికి చెప్పండి. ఈ అడవి రుచులకు కావలసిన ప్రచారం అదే.